రోడ్డు బాగుపడింది, చావులు ఎందుకు తగ్గలేదు?

క్లుప్తంగా: ప్రపంచం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయే ప్రాణాల్లో పదింట తొమ్మిది పేద, మధ్యాదాయ దేశాలవే. రోడ్లు గుంతలు పడటం వల్లనో, జనానికి క్రమశిక్షణ లేకనో ఇలా జరుగుతోందని చాలామంది అనుకుంటారు. కానీ గుంతలు పూడ్చి రోడ్డు వెడల్పు చేసిన చోట కూడా చావులు తగ్గలేదు. కారు వంద మీద పోయే రోడ్డునే మనుషులు నడిచి దాటాల్సి రావడం, హెల్మెట్ లేని తల, దెబ్బ తగిలాక సరైన ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, ఈ మూడూ కలిసి ప్రాణాలు తీస్తున్నాయి. మూడింటికీ విరుగుడు తెలుసు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారిని చూస్తే ఇదంతా ఎలా జరుగుతుందో అర్థమవుతుంది.

బస్సు కాలితే చర్చ, బైకు పడితే నాలుగు లైన్లు

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకుపోయి తగలబడింది. 19 మంది ప్రయాణికులు బస్సులోనే కాలిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు టీవీల్లో అదే చర్చ. స్లీపర్ బస్సుల తలుపుల గురించి, పర్మిట్ల గురించి, తనిఖీల గురించి అందరూ మాట్లాడారు, మాట్లాడాల్సిందే.

కానీ దేశంలో రోడ్ల మీద రోజుకు సగటున 470 మంది చనిపోతున్నారు. 2023లో మొత్తం 1.72 లక్షల మంది. అంటే అలాంటి బస్సులు రోజుకు ఇరవై నాలుగు కాలినట్టు లెక్క. వీళ్లలో ఎక్కువమంది ఒక్కొక్కరుగా, ఒక్కో ఊరి దగ్గర పోతారు కాబట్టి వార్త జిల్లా పేజీ దాటదు. 'గుర్తు తెలియని వాహనం ఢీకొని వ్యక్తి మృతి' అన్న హెడ్డింగు కింద నాలుగు లైన్లు, అంతే. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఏటా ఎనిమిది వేలకు పైగా ఇలా పోతున్నారు. ఏదైనా జ్వరం రాష్ట్రంలో ఇంతమందిని పొట్టన పెట్టుకుంటే ఆరోగ్య శాఖ రోజూ సమీక్ష పెట్టేది, ఏ మండలంలో ఎన్ని కేసులో బులెటిన్ వచ్చేది. రోడ్డు చావులకు అలాంటి బులెటిన్ లేదు, ఎందుకంటే వీటిని పోలీసు కేసుగా, డ్రైవరు తప్పుగా, ఇంకా చెప్పాలంటే ఆ మనిషి తలరాతగా చూడటం అలవాటైపోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లోనే దీన్ని ఆరోగ్య సమస్యగా చూడాలని చెప్పి ప్రపంచ స్థాయి నివేదిక ఇచ్చింది. అదే సంస్థ 2023 నివేదిక ప్రకారం 2021లో ప్రపంచంలో 11.9 లక్షల మంది రోడ్ల మీద చనిపోయారు. మలేరియా ఏటా 6 లక్షల మందిని బలి తీసుకుంటుంది, దానికి ఇది రెండింతలు. 5 ఏళ్ల నుంచి 29 ఏళ్ల మధ్య వయసువాళ్ల మరణాలకు మొదటి కారణం ఏ రోగమూ కాదు, రోడ్డే.

వాహనాలు ఎక్కువున్న చోట చావులు ఎక్కువ కావు

వాహనాలు పెరిగాయి కాబట్టి చావులు పెరిగాయి అనడం తేలిక. అలాగైతే అమెరికా, జపాన్, జర్మనీల్లో జనం రాలిపోతూ ఉండాలి. ప్రపంచంలోని వాహనాల్లో 60 శాతం దాకా పేద, మధ్యాదాయ దేశాల్లో ఉన్నాయి, చావుల్లో మాత్రం 92 శాతం అక్కడే. మన దేశం సంగతి ఇంకా ఘోరం. ప్రపంచ వాహనాల్లో మన వాటా ఒక శాతమైతే రోడ్డు మరణాల్లో 11 శాతమని ప్రపంచ బ్యాంకు 2021లో లెక్క చెప్పింది.

డబ్బున్న దేశాలు మొదటి నుంచీ ఇలా లేవు. జపాన్‌లో 1970లో 16,765 మంది చనిపోయారు, అప్పట్లో అక్కడివాళ్లు దాన్ని 'ట్రాఫిక్ యుద్ధం' అన్నారు. ఆ తర్వాత వాహనాలు ఎన్నో రెట్లు పెరిగినా 2023లో చనిపోయింది 2,678 మంది. ఊళ్లలో నడిచేవాళ్లకు ఫుట్‌పాత్‌లు, రోడ్డుకూ మనిషికీ మధ్య రెయిలింగులు, సిగ్నళ్లు, బడుల దగ్గర ప్రత్యేక ఏర్పాట్లు, హెల్మెట్ నిబంధన, తర్వాత తాగి నడిపేవాళ్లకు కఠినమైన శిక్షలు, ఇలా ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చారు. జపాన్ జనం పుట్టుకతోనే క్రమశిక్షణ ఉన్నవాళ్లు అనే మాట మనవాళ్లు తరచూ అంటారు గానీ, 1970లో చనిపోయిన ఆ పదహారు వేల మందీ జపాన్ జనమే.

ఆదాయం పెరిగే దశలో బళ్లు ముందు వస్తాయి, వాటికి తగిన రోడ్డు డిజైనూ, పోలీసింగూ, ఆసుపత్రులూ చాలా వెనకాల వస్తాయి. ఆ మధ్య కాలంలోనే జనం ఎక్కువగా పోతారు. ఇప్పుడు మనం ఉన్నది అక్కడే. పైగా మన దేశంలో రిజిస్టరైన వాహనాల్లో నాలుగింట మూడు వంతులు బైకులూ స్కూటర్లూ. కొంచెం డౌన్ పేమెంట్ కడితే బండి చేతికొస్తుంది, అది తప్పేం కాదు, బస్సు లేని ఊళ్లో బండి లేకపోతే పని దొరకదు. అయితే కారులో ఉన్నవాడి చుట్టూ ఇనుము ఉంటుంది, బైకు మీద ఉన్నవాడి చుట్టూ ఏమీ ఉండదు.

హైవే ఊరి మధ్యగా పోయింది

చెన్నై నుంచి కోల్‌కతా పోయే ఈ రోడ్డు ఒకప్పుడు 5వ నంబరు హైవే, ఇప్పుడు 16. స్వర్ణ చతుర్భుజి పథకంలో దీన్ని నాలుగు లైన్లు చేశారు. మనుబోలు, వెంకటాచలం, నెల్లూరు, కోవూరు, కావలి, ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు, ఒంగోలు, మద్దిపాడు, ఇలా వరసగా ఊళ్లు. వీటిలో చాలా ఊళ్లకు ఇళ్లు ఒక పక్క, పొలాలు ఇంకో పక్క. బడి ఇటుంటే బస్సు ఆగేది అటు. ఉలవపాడు దగ్గర సీజన్లో మామిడి, సపోటా బుట్టలు రోడ్డు పక్కనే పెట్టి అమ్ముతారు, కారు పక్కకు తిప్పి ఆపితేనే బేరం. వెనకొచ్చే లారీకి ఆ కారు ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసే వీలు లేదు.

2018 నుంచి నాలుగు లైన్ల రోడ్ల మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. వంద మీద పోయే కారు సెకనుకు 28 మీటర్లు దూసుకుపోతుంది. ఎదురుగా మనిషిని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర పడుతుందనుకుంటే అప్పటికే 40 మీటర్లు అయిపోతాయి, బ్రేకు పడ్డాక బండి ఆగడానికి ఇంకో 55 మీటర్లు కావాలి. అంటే దాదాపు వంద మీటర్లు. అదే కారు 50 మీద ఉంటే 35 మీటర్లలో ఆగిపోతుంది. రాత్రి లైట్లు డిమ్‌లో పెట్టుకుంటే యాభై అరవై మీటర్లకు మించి కనపడదు, మరి ముదురు రంగు లుంగీ కట్టుకుని రోడ్డు దాటుతున్న మనిషి కనపడే సరికి డ్రైవరు ఎంత మంచివాడైనా చేయగలిగింది ఏమీ మిగలదు.

దాటేవాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. డివైడరు దాకా ఒక పక్క రోడ్డు దాటాలంటే ఎనిమిదీ తొమ్మిది మీటర్లు. పెద్ద వయసు మనిషికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలో కారు 220 మీటర్లు వస్తుంది. 220 మీటర్ల దూరంలో ఉన్న కారు ఎంత వేగంతో వస్తోందో కంటితో అంచనా కట్టడం ఎవరికైనా కష్టం, చూపు మందగించిన ముసలివాళ్లకైతే చెప్పనక్కర్లేదు. రోడ్డు ఆరు లైన్లు అయితే ఈ దూరం ఇంకా పెరుగుతుంది. పాత రోడ్డు మీద గుంతల వల్ల లారీ నలభై మీద పోయేది, దాటడానికి టైం ఉండేది. రోడ్డు బాగుపడ్డాక చావులు ఎందుకు తగ్గలేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే. వేగం వచ్చింది, దాటే దారి రాలేదు.

సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాలు పోయే ప్రమాదం నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వేగం రెండింతలైతే ఢీకొన్నప్పుడు శరీరం మీద పడే శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి ఇది ఆశ్చర్యం కాదు. అమెరికన్ డాక్టరు విలియం హాడన్ అరవై, డెబ్భై దశకాల్లో ఇదే దారిలో ఆలోచించాడు. మలేరియాలో దోమ మోసుకొచ్చే క్రిమి ఎలాగో రోడ్డు ప్రమాదంలో ఈ శక్తి అలాగ అని, ప్రమాదానికి ముందు, ఆ క్షణంలో, ఆ తర్వాత అని మూడు దశలుగా విడగొట్టి, ఒక్కో దశలో మనిషినీ వాహనాన్నీ రోడ్డునీ విడివిడిగా చూడాలన్నాడు. 1997లో స్వీడన్ పార్లమెంటు ఒక అడుగు ముందుకేసి, మనిషి తప్పు చేయడం ఖాయం, ఆ తప్పుకు చావు శిక్ష కాకుండా రోడ్డును కట్టాలి అన్న విధానాన్ని ఆమోదించింది.

మన దగ్గర రాంగ్ రూటులో వచ్చే బైకుల గురించి మాట్లాడేటప్పుడు ఈ చూపు పనికొస్తుంది. యూటర్న్ కిలోమీటరున్నర అవతల ఉంటే, తను పోవాల్సిన పొలం దారి రెండు వందల మీటర్లలో ఉంటే, రైతు రోజూ మూడు కిలోమీటర్లు చుట్టూ తిరగడు. తిరగాలి అని చెప్పొచ్చు, ఫైన్ వేయొచ్చు, అయినా తిరగడు. ఆ సంగతి రోడ్డు గీసే ఇంజినీరుకు ముందే తెలిసి ఉండాలి, సర్వీసు రోడ్డో అండర్‌పాసో అప్పుడే గీయాలి.

తల, హెల్మెట్, చట్టం

ప్రపంచంలో రోడ్డు మరణాల్లో సగానికి పైగా నడిచేవాళ్లవీ, సైకిళ్లవీ, బైకులవీ. మన దేశంలో 2022లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లు, దాదాపు 20 శాతం నడిచేవాళ్లు. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లే 50,029 మంది, వీళ్లలో 14 వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్లు. మన వైపు వెనక కూర్చునే ఆడవాళ్లలో హెల్మెట్ పెట్టుకునేవాళ్లు చాలా అరుదు, ఒకవైపుకు కూర్చోవడం వల్ల బండి గతుకులో పడినా ముందు జారేది వాళ్లే.

హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తల గాయం ముప్పు 69 శాతం తగ్గుతాయని ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. ఇంత చవకగా, ఇంత కచ్చితంగా పనిచేసే వైద్యం మరొకటి వెతికినా దొరకదు. వియత్నాం మనలాగే బైకుల దేశం. 2007 డిసెంబరు 15న అక్కడ అన్ని రోడ్ల మీదా, వెనక కూర్చున్నవాళ్లతో సహా, హెల్మెట్ తప్పనిసరి చేశారు. ముందు నెలల తరబడి ప్రచారం చేశారు, ఆ రోజు నుంచి ఊరికే వదల్లేదు. చూస్తుండగానే పదిమందిలో తొమ్మిదిమంది పెట్టుకోవడం మొదలైంది, చావుల ముప్పు 18 శాతం తగ్గింది. వియత్నాం మనకంటే ధనిక దేశమేమీ కాదు అప్పుడు.

మన చట్టంలోనూ లోపం లేదు. 2019 సవరణ తర్వాత హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, 2021 జూన్ నుంచి ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ అమ్మడం నేరం. అయినా రోడ్డు పక్కన రెండు వందలకు దొరికే ప్లాస్టిక్ టోపీలే ఎక్కువ అమ్ముడుపోతున్నాయి, కొన్నవాళ్లు కూడా టోల్‌ప్లాజా దగ్గరో పోలీసులున్న సెంటర్లోనో పెట్టుకుని, దాటాక ట్యాంకు మీద పెట్టేస్తారు. స్ట్రాప్ బిగించని హెల్మెట్ కింద పడేలోపే ఎగిరిపోతుంది. హెల్మెట్ నిబంధన సరిగ్గా అమలు కావడం లేదని 2024లో రాష్ట్ర హైకోర్టే గట్టిగా ప్రశ్నించాల్సి వచ్చింది. ఏడాదికోసారి భద్రతా వారోత్సవాలో మాసోత్సవాలో జరిపి గులాబీ పూలు ఇవ్వడంతో ఏ దేశంలోనూ ఈ అలవాటు మారలేదు. రోజూ పట్టుకుంటారన్న నమ్మకం కలిగినప్పుడే మారింది.

సీటు బెల్టుదీ ఇదే కథ. నందమూరి హరికృష్ణ 2018 ఆగస్టు 29న నెల్లూరు జిల్లా కావలిలో పెళ్లికి బయలుదేరి నల్గొండ జిల్లాలో కారు ప్రమాదంలో చనిపోయారు, బెల్టు లేక కారులోంచి బయటపడిపోయారు. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చుని పోయారు. పెద్ద కారు, ఖరీదైన కారు అన్నది బెల్టు లేనివాళ్లను కాపాడలేదు. ఇప్పటికీ మన దగ్గర వెనక సీట్లో బెల్టు పెట్టుకుంటే పక్కవాళ్లు వింతగా చూస్తారు.

కూలి ఆటోలు, ఆగిన లారీలు

నాట్లు, కోతలు, మిరపకాయలు, పొగాకు పనుల రోజుల్లో తెల్లారక ముందే కూలీల ఆటోలు కదులుతాయి. ముగ్గురు నలుగురి కోసం చేసిన ఆటోలో పది పన్నెండు మంది, డ్రైవరుకు అటూ ఇటూ ఇద్దరు. ఒక్క ఆటో బోల్తా పడితే ఒకే వీధిలో నాలుగిళ్లలో ఏడుపులు. ఓవర్‌లోడ్ అని డ్రైవరును పట్టుకుంటే తేలే విషయం కాదిది. మేస్త్రి చెప్పిన టైముకు చేనులో ఉండాలి, ఆ టైముకు బస్సు లేదు, తలా ఇంత వేసుకుంటేనే ఆటో ఖర్చు గిట్టుబాటవుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఆ బస్సు పొద్దున్నే ఆరు గంటలకు పల్లె నుంచి పల్లెకు తిరిగితే ఆటోల మీద భారం తగ్గుతుంది, టౌను నుంచి టౌనుకు మాత్రమే తిరిగితే కూలి ఆటో అలాగే ఉంటుంది. రోడ్డు భద్రత అంటే పోలీసుల పని అనుకుంటాం గానీ బస్సు టైం టేబులు కూడా రోడ్డు భద్రతే.

రాత్రి హైవే ముప్పు వేరేగా ఉంటుంది. కృష్ణపట్నం పోర్టు లారీలు, చీమకుర్తి గ్రానైటు బండలు మోసే లారీలు, రొయ్యల వాహనాలు, మధ్యలో టైరు పంక్చరై ఎర్ర లైటు కూడా లేకుండా ఆగిపోయిన ఒక ట్రాలీ. దేశంలో 2022 ప్రమాదాల్లో ఐదింట ఒకటి వెనక నుంచి గుద్దినవే. ట్రాక్టరు ట్రాలీకి వెనక నాలుగు రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ, అయినా వెనక ఏమీ లేని ట్రాలీలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కోతల టైములో ఊరి రోడ్ల మీద వడ్లు ఆరబోసి, బండి ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. పగలు ఎత్తిన వడ్లతో పాటు రాళ్లు ఎత్తరు, రాత్రి బైకు వాటికి తగులుతుంది. కల్లాలు లేక, డ్రయ్యర్లు అందుబాటులో లేక రైతు రోడ్డెక్కాడు, ఇక్కడ వ్యవసాయ శాఖకు కూడా పని ఉంది.

తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య కునుకు ఇంకో కారణం. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది, రోజుకు ఎనిమిది గంటల పని అంది. లారీల్లో దాన్ని పాటించినవాళ్లు తక్కువ. పోలీసులు రాత్రిళ్లు బళ్లు ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగించి పంపుతున్నారు, మంచిదే, కానీ చన్నీళ్ల ప్రభావం కాసేపే. నిద్రకు బదులు నిద్రే, దానికి రెండో డ్రైవరు కావాలి, లారీ ఆపుకునే చోటు కావాలి.

దెబ్బ తగిలాక

ప్రమాదంలో అందరూ అక్కడికక్కడే పోరు. రక్తం పోతూనో, నాలుక వెనక్కి మడతపడి ఊపిరాడకనో, తలలో రక్తం గడ్డకట్టి మెదడును నొక్కుతూనో గంటల మీద చనిపోయేవాళ్లు చాలామంది. చట్టంలోనే 'గోల్డెన్ అవర్' అని మొదటి గంటకు పేరు పెట్టారు.

108 అంబులెన్సులు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి, దేశంలో మిగతా రాష్ట్రాలకు మనమే నేర్పాం. బండి వస్తుంది, అందులో శిక్షణ ఉన్నవాళ్లు ఉంటారు. ఇబ్బంది బండి ఎక్కడికి పోవాలన్న దగ్గర మొదలవుతుంది. కావలి దగ్గర తలకు దెబ్బ తగిలిన మనిషిని ముందు దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళతారు, కట్టు కట్టి నెల్లూరుకు రిఫర్ చేస్తారు, నెల్లూరులో స్కాన్ తీశాక ఇంటివాళ్లు చెన్నై తీసుకెళ్దామంటారు. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు ఇంకా కష్టం, మార్కాపురం నుంచి ఒంగోలే వంద కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. సీటీ స్కాను, న్యూరో సర్జను, రక్తం ఒకేచోట ఇరవై నాలుగు గంటలూ ఉండే ఆసుపత్రి ఏదో అంబులెన్సులో ఉన్నవాళ్లకు ముందే తెలిసి నేరుగా అక్కడికే పోతే, రెండు మజిలీల్లో పోయే గంటలు మిగులుతాయి. కొత్త ఆసుపత్రులు కట్టే లోపు చేయగలిగిన మార్పు ఇది.

అంబులెన్సు వచ్చే లోపు చుట్టూ చేరినవాళ్లు చేసే పనులు కూడా ప్రాణం పోస్తాయి, తీస్తాయి. కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తి ఆటోలో కుదేస్తే మెడ ఎముక విరిగి ఉన్నవాళ్లకు జీవితాంతం మంచమే. మంటలో, ట్రాఫిక్ మధ్యలో లేకపోతే కదపకుండా ఉంచడం, రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవడం, స్పృహ లేకుండా వాంతి చేసుకుంటుంటే మెడ వంగకుండా ఒళ్లంతా ఒకేసారి పక్కకు తిప్పడం, నీళ్లు తాగించకుండా ఉండటం. ఇవి ఎవరైనా చేయగలిగినవే.

చాలామంది ఆగకపోవడానికి కారణం మనసు లేక కాదు, కేసులో ఇరుక్కుంటామన్న టెన్షన్. సుప్రీంకోర్టు 2016లోనే సాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చింది, 2019 సవరణలో 134ఎ సెక్షనుగా చట్టంలోకి వచ్చింది. పేరు, ఫోన్ నంబరు చెప్పమని బలవంతం చేయకూడదు, ఆసుపత్రి వాళ్లు డబ్బు కట్టమని అడగకూడదు. పైగా సాయం చేసి ప్రాణం కాపాడినవాళ్లకు కేంద్రం ఇచ్చే బహుమతి 5 వేల నుంచి 25 వేలకు పెరిగింది. 2025 మే 5 నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, 1.5 లక్షల వరకు నగదు రహిత చికిత్స పథకం కూడా వచ్చింది. ఈ సంగతులు హైవే పక్క టీకొట్లలో, పంక్చరు షాపుల్లో తెలియాలి, ఎందుకంటే అందరికంటే ముందు పరిగెత్తి వచ్చేది వాళ్లే.

లెక్కలో పడని చావులు

కావలి దగ్గర దెబ్బ తగిలి, చెన్నైలో మూడు వారాల తర్వాత పోయిన మనిషి ఏ జిల్లా లెక్కలోకి రావాలి? ప్రమాదం జరిగిన చోటి స్టేషనులో గాయాల కేసు ఉంటుంది. చావు సమాచారం అక్కడికి చేరి, సెక్షన్ మార్చాలి, 2024 జూలై నుంచి అయితే నిర్లక్ష్యంతో చావుకు కారణమవడం గురించి చెప్పే భారతీయ న్యాయ సంహిత 106కి. సమాచారం చేరకపోతే ఆ మనిషి రికార్డులో గాయపడినవాడిగానే మిగిలిపోతాడు. సొంతంగా స్కిడ్ అయి పడినవాళ్ల విషయంలో కొందరు కేసే పెట్టరు. 2021కి మన పోలీసు లెక్క లక్షన్నర చిల్లర అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా రెండు లక్షలకు పైనే. ఆసుపత్రి రికార్డూ పోలీసు రికార్డూ జిల్లా స్థాయిలో నెలకోసారి పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా చాలావరకు బయటపడుతుంది.

తమిళనాడు ఏం చెబుతోంది

నెల్లూరు వాళ్లకు తమిళనాడు దూరం కాదు. అక్కడ 2016లో 17,218 మంది చనిపోతే 2019కి 10,525కి తగ్గింది. అంబులెన్సులు, అత్యవసర వైద్య కేంద్రాలు, లైసెన్సుల సస్పెన్షన్, శాఖల మధ్య సమన్వయం, అన్నీ కలిపి చేశారు. దేశమంతా ఆ రాష్ట్రాన్ని చూసి నేర్చుకోమన్నారు. 2021 డిసెంబరులో మొదటి 48 గంటల ఉచిత చికిత్స పథకం కూడా పెట్టారు. అయినా 2022లో మరణాలు మళ్లీ 17,884కి చేరాయి. వైద్యం బాగుంటే దెబ్బ తగిలినవాళ్లలో కొందరు బతుకుతారు, నిజమే, కానీ రోడ్డు మీద వేగమూ బళ్లూ పెరుగుతూ పోతుంటే దెబ్బలు తగిలేవాళ్లే పెరుగుతారు. అమలు మీద పట్టు ఒక్క రెండేళ్లు సడలినా వెనక్కి పోవడం ఎంత తేలికో కూడా ఈ అంకెలే చూపిస్తున్నాయి.

ఇంటి మీద పడే దెబ్బ

దేశంలో రోడ్డు మీద చనిపోయేవాళ్లలో 83 శాతం 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు. అంటే సంపాదించే మనిషి. గాయపడి మంచాన పడితే ఖర్చు ఇంకా ఎక్కువ, చూసుకోవడానికి భార్యో తల్లో కూలి మానుకోవాలి, తర్వాత పిల్లల్లో ఒకరి చదువు ఆగుతుంది.

దీనికి చట్టంలో ఉన్న దారులు కూడా చాలామందికి తెలియవు. గుద్దినవాళ్లెవరో తెలియని కేసుల్లో 2022 ఏప్రిల్ నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ప్రభుత్వ పరిహారం ఉంది, అడిగేవాళ్లు తక్కువ. ట్రిబ్యునల్లో పరిహారం కేసు వేయడానికి చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు. దేశంలో సగం వాహనాలకు ఇన్సూరెన్స్ లేదు, వాటిలో ఎక్కువ బైకులే. సొంతంగా పడి చనిపోతే, ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే వర్తించే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ పనికిరాదు, బండి ఓనరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలి, అది కూడా లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. ఇంట్లో ఒక్క బండి, లైసెన్సు లేని కొడుకు నడుపుతాడు, పాలసీ ఎప్పుడో అయిపోయింది. ఆ ఇంటికి ప్రమాదం తర్వాత చేతికి వచ్చేది ఏమీ ఉండదు.

ముందు ముందు

జాతీయ రహదారుల మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో ఐదు తీవ్ర ప్రమాదాలో, పది మరణాలో జరిగితే దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు, అప్పుడు మరమ్మతుకు డబ్బు వస్తుంది. ఉన్నవాటిని బాగుచేయడం అవసరమే, కానీ ఈ పద్ధతిలో ఒక చోటికి అండర్‌పాసు రావాలంటే ముందు మనుషులు పోవాలి. జనం ఎక్కడ దాటుతారో తెలుసుకోవడానికి చావులు లెక్కపెట్టక్కర్లేదు, బడి వదిలే టైములో ఆ ఊరి సెంటర్లో గంటసేపు నిలబడితే తెలుస్తుంది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, పంచాయతీలు తీర్మానం చేసి ఆ చోట్లను కమిటీ ముందు పెట్టొచ్చు. హైవే మీద లైట్లు లేకపోవడం, పశువులు, ఆగిపోయిన లారీలు లాంటివైతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి చెప్పొచ్చు.

కృష్ణపట్నం పోర్టు రద్దీ ఇప్పటికే ఉంది, రామాయపట్నం పోర్టు పూర్తయితే కావలి నుంచి సింగరాయకొండ దాకా లారీలు ఇంకా పెరుగుతాయి. ఆ లారీలు ఏ ఊళ్ల మధ్యగా పోతాయో మ్యాపు చూస్తే తెలిసిపోతుంది. సర్వీసు రోడ్లు, అండర్‌పాసులు, లారీలు ఆగే స్థలాలు, రాత్రంతా సీటీ స్కానూ సర్జనూ ఉండే ఒక ఆసుపత్రి, ఇవి పోర్టు ఖర్చులో భాగంగా ఇప్పుడే కలిపితే సులువు. లారీలు మొదలయ్యాక అడిగితే భూమి కావాలి, కొత్త టెండరు కావాలి, ఈలోపు ఆ ఊళ్లవాళ్లు అదే రోడ్డు దాటుతూ ఉంటారు.